ఒక్క సెకనులో నేల చేరిన రాయి: నిట్టనిలువు చలనం లెక్కలపై ఒక కేస్ స్టడీ

25 మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది నేల చేరడానికి ఎంత సమయం పడుతుంది? గురుత్వ త్వరణం (జీ) 10 అనుకోండి, గాలి నిరోధం లేదనుకోండి.

ఈ లెక్కకు నా విద్యార్థిని ఒకమ్మాయి రాసిన జవాబు 1 సెకను.

లెక్క చేయడంలో పొరపాటేమీ లేదు. వర్గ సమీకరణాన్ని చక్కగా కారణాంకాలుగా విడగొట్టింది. మైనస్ మూలాన్ని కొట్టేసింది. జవాబు కింద రెండు గీతలు కూడా గీసింది. కానీ సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి వెళ్లే రాయి వేగం సున్నాకు రావడానికే 2 సెకన్లు పడుతుంది. అంటే రాయి ఇంకా పైకి వెళ్తూ ఉండగానే ఆమె నోట్‌బుక్‌లో నేలమీద పడిపోయింది.

చాలా ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఇలాంటి జవాబు ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ పక్కన "గుర్తు తప్పు" అని రాసి, ప్లస్‌ను మైనస్ చేసి, తర్వాతి పేపర్ తీసుకునేవాణ్ణి. ఈ ఒక్క విద్యార్థినితో తొమ్మిది సార్లు కూర్చున్నాక, ఆ రెండు మాటలు ఎంతమంది విషయంలో అసలు సమస్యను కప్పేశాయో అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను. లెక్కలు, అంకెలు, ఆమె చెప్పిన కారణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

పదకొండో తరగతి స్థాయి. గణితంలో బలమైన విద్యార్థిని. వర్గ సమీకరణాలు చకచకా చేస్తుంది. సరళరేఖ మీద కార్లు, రైళ్ల లెక్కల్లో ఇబ్బంది లేదు. బ్రేక్ వేసిన కారు ఎంత దూరంలో ఆగుతుందంటే వెంటనే చెప్పేస్తుంది. అదే మూడు చలన సూత్రాలతో రాయిని పైకి విసిరేసరికి మార్కులు సగానికి పడిపోతున్నాయి. అజాగ్రత్త అని ఇంట్లో వాళ్లు అనుకున్నారు. ఆమె మాత్రం తన జ్ఞాపకశక్తిదే లోపం అనుకుంది.

మొదటి రోజు ఆమె అన్న మాట: "ఏ లెక్కలో జీకి ప్లస్ పెట్టాలో, ఏ లెక్కలో మైనస్ పెట్టాలో నాకు గుర్తుండదు సార్. పరీక్షలో టెన్షన్‌లో తారుమారు అయిపోతుంది."

నోట్‌బుక్ మొదటి పేజీలో పెట్టె గీసి రాసుకుంది: పైకి వెళ్తే జీ మైనస్, కిందికి వస్తే జీ ప్లస్. ఈ వాక్యం ఆమె కనిపెట్టింది కాదు. తరగతి గదుల్లో తరచుగా వినిపించేదే. నేనూ ఒకప్పుడు చెప్పాను.

సమస్య ఎక్కడ బయటపడింది

మొదటిసారి కూర్చున్నప్పుడు ఏదీ సరిచేయకూడదని నిర్ణయించుకున్నాను. తప్పు ఎక్కడుందో తెలియకుండా దిద్దితే ఆ జవాబు మారుతుందే తప్ప ఆలోచన మారదు. ఆరు లెక్కలిచ్చి, ఏం చేస్తోందో పైకి చెబుతూ చేయమన్నాను.

ఎత్తునుంచి వదిలిన రాయి: సరిగ్గా చేసింది. పైకి విసిరితే గరిష్ఠ ఎత్తు: సరి. పైకి విసిరింది తిరిగి చేతికి రావడానికి పట్టే కాలం: ఎక్కడానికి ఒక లెక్క, దిగడానికి ఒక లెక్క విడివిడిగా చేసి కలిపింది, అదీ సరి. ఎత్తునుంచి కిందికి విసిరిన రాయి: సరి. భవనం పైనుంచి పైకి విసిరిన రాయి: 1 సెకను. పైకి లేస్తున్న బెలూన్ నుంచి వదిలిన వస్తువు: తప్పు.

ఈ వరుసను జాగ్రత్తగా చూడాలి. చలనం ఒకే దిశలో ఉన్నప్పుడు, లేదా రెండు ముక్కలు చేసుకోవడానికి వీలున్నప్పుడు, ఆమె నియమం ప్రతిసారీ పనిచేసింది. వెళ్లడం, రావడం ఒకే సమీకరణంలో ఇమడాల్సిన చోట మాత్రం కూలిపోయింది. కాబట్టి ఇది మరపు కాదు. మరచిపోయే మనిషి తప్పులు అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉంటాయి. ఈమె తప్పులు ఒకే చోట గుమికూడాయి.

"భవనం లెక్కలో జీకి ప్లస్ ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాను.

"నేలమీద ఎప్పుడు పడుతుందని కదా సార్ అడిగారు. చివరికి కిందికే వస్తుంది. అందుకని ప్లస్."

"మరి 20కి?"

కాసేపు ఆలోచించింది. "అది విసిరిన వేగం కదా సార్. దానికి గుర్తేముంటుంది?"

ఆ రోజు ఈ రెండో జవాబు విలువ నాకు పూర్తిగా తెలియలేదు. రాసి పెట్టుకున్నాను కాబట్టి తర్వాత పనికొచ్చింది. ఆమె దృష్టిలో గుర్తు అనేది దిశను చెప్పేది కాదు. అది జీకి తొడిగే చొక్కా లాంటిది, లెక్కను బట్టి మార్చుకోవాలి. వేగానికి ఆ అవసరం లేదు.

ఫలించని మూడు ప్రయత్నాలు

మొదట సాధన ఎక్కువ చేయించాను. ఇలాంటి లెక్కలు తగినన్ని చేయలేదు, చేస్తే చేయి తిరుగుతుంది అనుకున్నాను. భవనం పైనుంచి విసిరే లెక్కలు 15 ఇచ్చాను. వారం తర్వాత పరీక్ష పెడితే పదింటికి తొమ్మిది సరిగ్గా వచ్చాయి. అప్పుడు మాటలు మార్చి ఇంకొకటి ఇచ్చాను. 15 మీటర్ల లోతున్న ఎండిన బావి అడుగునుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో రాయిని పైకి విసిరారు, అది బావి గట్టు మీద పడింది, ఎంత సమయం పట్టింది? ఆమె స్థానభ్రంశం, అంటే మొదలైన చోటినుంచి చివరి చోటుకు దిశతో సహా ఉన్న దూరం, మైనస్ 15 అని రాసింది. రాయి మొదలైన చోటికంటే పైన ఆగింది కాబట్టి అది ప్లస్ 15 కావాలి. మైనస్ ఎందుకంటే, "ఇలాంటి లెక్కల్లో ఎత్తుకు మైనస్ పెట్టాలి కదా సార్" అంది. నేను ఇచ్చిన 15 లెక్కలు ఆమె పెట్టెలో మరో నియమాన్ని చేర్చాయి, అంతే. సాధన ఉన్న అవగాహనను గట్టిపరుస్తుంది. లేనిదాన్ని పుట్టించలేదు.

తర్వాత నియమాన్నే మార్చాను. పాత పెట్టెను కొట్టేయించి, పైదిశ ఎప్పుడూ ప్లస్, కాబట్టి త్వరణం ఎప్పుడూ మైనస్ 10, వేగానికీ స్థానభ్రంశానికీ కూడా గుర్తు ఉంటుంది అని రాయించాను. గుర్తుంచుకోవాల్సిన సందర్భాలు తగ్గితే తికమకా తగ్గుతుందని నా ఆలోచన. ఇది పనిచేసినట్టే కనిపించింది. ఆరు లెక్కల్లో ఐదు సరిగ్గా వచ్చాయి. ఇక్కడితో కేసు ముగిసిందని అనుకున్నాను కూడా. ముగించే ముందు అంకెలు లేని ప్రశ్న ఒకటి అడగడం నాకు అలవాటు. ఆ అలవాటే ఈ కేసును కాపాడింది.

"రాయి అన్నిటికంటే పైన ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత?"

"సున్నా సార్."

"ఎందుకని?"

"అక్కడ ఆగిపోతుంది కదా."

ఇప్పుడే మైనస్ 10 అని ఆరుసార్లు రాసిన చేయి అది. కాగితం ఇచ్చి, రాయి సగం దూరం పైకి వెళ్లినప్పుడు దాని మీద ఏయే బలాలున్నాయో బాణాలతో గీయమన్నాను. కిందికి ఒక చిన్న బాణం గీసి గురుత్వం అని రాసింది. పైకి అంతకంటే పెద్ద బాణం గీసింది. శిఖరం దగ్గర రెండు బాణాలూ సమానం. దిగేటప్పుడు పై బాణం చిక్కిపోయింది.

"ఈ పైకున్న బాణం ఏంటమ్మా?"

"విసిరిన బలం సార్. పైకి వెళ్లేకొద్దీ అయిపోతూ ఉంటుంది. అయిపోగానే గురుత్వం గెలుస్తుంది."

నేను పెన్ను పక్కన పెట్టేశాను. ఆమె పాత నియమం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు కనిపించింది. ఆమె మనసులో రాయి ప్రయాణం ఒకటి కాదు, రెండు కథలు. పైకి వెళ్లేటప్పుడు చేయి ఇచ్చిన బలం నడిపిస్తుంది. దిగేటప్పుడు గురుత్వం నడిపిస్తుంది. మధ్యలో ఒక విరామం. నడిపించేవాళ్లు మారితే గుర్తు మారడం న్యాయమే కదా! "పైకి మైనస్, కిందికి ప్లస్" అన్నది ఆమెకు బట్టీ పట్టిన వాక్యం కాదు, తన మనసులోని చిత్రానికి సరిపోయే పద్దు. నేను పద్దును మార్చి, చిత్రాన్ని అలాగే ఉంచేశాను.

ఈ చిత్రం ఆమె ఒక్కతెది కాదు. 1982లో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఇంజినీరింగ్ విద్యార్థులకు పైకి ఎగరేసిన నాణెం బొమ్మ ఇచ్చి, దాని మీద పనిచేసే బలాలు గీయమన్నాడు. చాలామంది పైకి ఒక బలాన్ని గీశారు. ఇంకా వెనక్కి వెళ్తే, 14వ శతాబ్దంలో బురిడాన్ అనే పండితుడు విసిరిన వస్తువులోకి చేతినుంచి ఒక ప్రేరణ చేరుతుందని, దాన్ని ఇంపెటస్ అని రాశాడు. శతాబ్దాల పాటు మేధావులు నిజమని నమ్మిన భావన ఇది. పదహారేళ్ల అమ్మాయి తన అనుభవం మీద ఆధారపడి అదే చోటికి చేరితే తెలివితక్కువ అనడానికి లేదు. ఆమెకు ఈ మాట చెప్పాను. చెప్పడం అవసరం అనిపించింది, ఎందుకంటే అప్పటికి తనమీద తనకు నమ్మకం చాలా తగ్గిపోయి ఉంది.

మూడో ప్రయత్నం వీడియో. కళ్లతో చూస్తే నమ్ముతుందనుకున్నాను. బంతిని పైకి ఎగరేసి స్లో మోషన్‌లో తీసి చూపించాను. ఆమె శిఖరం దగ్గర వీడియో ఆపి, నాలుగైదు ఫ్రేములు ముందుకు వెనక్కు జరిపి, "చూడండి సార్, ఆగింది" అంది. నిజంగానే ఆగినట్టే ఉంది. శిఖరానికి పదో వంతు సెకను ముందునుంచి పదో వంతు సెకను తర్వాత వరకు బంతి 5 సెంటీమీటర్ల మేరలోనే ఉంటుంది. ఆ కాస్త కదలిక తెరమీద కంటికి ఆనదు. వీడియో అబద్ధం చెప్పలేదు. కానీ అది చూపించేది స్థానాన్ని. వేగం ఎలా మారుతోందో కంటికి నేరుగా కనిపించదు. నా వీడియో ఆమె తప్పు నమ్మకానికి సాక్ష్యంగా మిగిలింది. చూపించే ముందు ఏం చూడాలో చెప్పకపోతే, ప్రయోగం కూడా మనం ముందే నమ్మినదాన్నే చూపిస్తుంది.

మలుపు

ఇంటికి వెళ్లి ఆమె మొదటి పేపర్ మళ్లీ ముందేసుకున్నాను. 25 = 20టి + 5టి². ఇందులో టి కాలం. మూలాలు 1, మైనస్ 5. ఈసారి దాన్ని దిద్దలేదు. ఈ సమీకరణం ఏ రాయిది అని నన్ను నేను అడిగాను. తొలి వేగం, త్వరణం, స్థానభ్రంశం మూడూ ప్లస్. అంటే మూడూ ఒకే దిశలో ఉన్నాయి. ఇది భవనం పైనుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో కిందికి విసిరిన రాయి! ఆ రాయికి 1 సెకను అక్షరాలా సరైన జవాబు.

తర్వాతిసారి కూర్చున్నప్పుడు అదే మాటతో మొదలుపెట్టాను. "నీ జవాబు కరెక్టే. ప్రశ్న వేరేది. నువ్వు ఏ రాయికి లెక్క చేశావో కనుక్కో."

ఆమె నిటారుగా కూర్చుంది. అన్ని రోజుల్లో తన తప్పును తాను కుతూహలంతో చూడడం అదే మొదటిసారి. రెండు నిమిషాల్లో కనుక్కుంది. "కిందికి విసిరిన రాయి సార్! 20కి గుర్తు పెట్టకపోతే అది కిందికి అయిపోయింది." మొదటి రోజు "దానికి గుర్తేముంటుంది" అన్న ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంది.

ఇక సూత్రాలు పక్కన పెట్టి పట్టిక వేయించాను. సూత్రం వద్దనడానికి కారణముంది. సూత్రంలో అంకెలు వేసి జవాబు తీసేసరికి మధ్యలో రాయికి ఏమైందో ఎవరూ చూడరు. సెకను సెకనుకూ వేగం రాస్తే రాయి పక్కనే నడిచినట్టు ఉంటుంది.

"ఇప్పుడు 20. గురుత్వ త్వరణం 10 అంటే ఏంటి?"

"ప్రతి సెకనుకు వేగం 10 మారుతుంది."

"ఏ దిశలోకి?"

"కిందికి. అంటే ప్రతి సెకనుకు 10 తగ్గుతుంది."

తనే రాసింది. 0 సెకన్ల దగ్గర 20, 1 దగ్గర 10, 2 దగ్గర 0. అక్కడ చేయి ఆగింది. పాత నియమం అడ్డుపడే చోటు అదే. నేను మాట్లాడలేదు.

"ఇక్కడ త్వరణం సున్నా అనుకుంటే..." అని మొదలుపెట్టి, "వేగం ఇక మారదు. సున్నాగానే ఉండిపోతుంది. అంటే రాయి అక్కడే..." అని ఆగిపోయింది.

"అక్కడే?"

"గాల్లో అలాగే ఉండిపోవాలి సార్."

మూడో సెకను ఎదురుగా మైనస్ 10 రాసింది. తర్వాత మైనస్ 20, మైనస్ 30. ఆ ఆరు అంకెలను వేలితో పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, "ఒకే తీసివేత సార్. ఎక్కడా మారలేదు" అంది. ఈ మాట కోసం నేను మూడు వారాలు తప్పు దారుల్లో తిరిగాను. వేగం సున్నా కావడం వేరు, వేగం మారడం ఆగిపోవడం వేరు అని ఎన్నిసార్లు చెప్పినా చెవినుంచి జారిపోయింది. తన చేత్తో రాసిన వరుసలో, 10కీ మైనస్ 10కీ మధ్య దాటాల్సిన అంకెగా సున్నా కనిపించాకే కుదురుకుంది.

పక్కన ఎత్తుల వరుస వేయించాను. సెకనుకు సగటు వేగం తీసుకుని కలుపుకుంటూ పోతే నేలనుంచి ఎత్తులు 25, 40, 45, 40, 25, 0. అంటే 5 సెకన్లు. శిఖరం నుంచి దిగిన దూరాలు వరుసగా 5, 15, 25 మీటర్లు. ఒకటికి మూడు, మూడుకి అయిదు నిష్పత్తి. సమాన కాలాల్లో పడే దూరాలు ఇలా బేసి సంఖ్యల వరుసలో ఉంటాయని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో చూపించాడు. ఆ వరుస తన పట్టికలో తనంతట తాను రావడం ఆమెకు ఎంత నచ్చిందంటే, ఎక్కేటప్పటి దూరాలు 15, 5 అని, అదే వరుస తిరగేసి ఉందని నాకే చూపించింది.

అప్పుడే ఇంకొకటి గమనించింది. 4వ సెకను దగ్గర రాయి మళ్లీ 25 మీటర్ల ఎత్తుకు, అంటే భవనం అంచుకు వచ్చింది. అప్పుడు దాని వేగం కిందికి 20. అక్కడినుంచి నేలకు 1 సెకను. "సార్, నా 1 సెకను ఇక్కడుంది." నిజమే. ఆమె మొదటి రోజు రాసిన జవాబు అసలు ప్రయాణంలో ఆఖరి సెకను. పైకి విసిరిన రాయి అంచు దాటి కిందికి దిగుతున్న క్షణం నుంచి, కిందికి విసిరిన రాయికీ దీనికీ తేడా ఏమీ లేదు. నేలను తాకే వేగం కూడా రెండింటికీ 30. పాఠం మొత్తంలో నాకు బాగా నచ్చిన నిమిషం అది. అది నేను ముందుగా అనుకుని చేయించింది కాదు.

పట్టిక తర్వాత వేగం-కాలం గ్రాఫ్. ఆరు బిందువులు పెట్టి కలిపితే ఒకే గీత. ఎక్కడా వంగదు, విరగదు. సున్నా గీతను 2 సెకన్ల దగ్గర కోస్తూ అదే వాలుతో కిందికి పోతుంది. వాలే త్వరణం కాబట్టి శిఖరం దగ్గర త్వరణం ఎంతన్న ప్రశ్నకు గీతే జవాబు చెబుతుంది. సున్నా గీతకు పైనున్న త్రిభుజం వైశాల్యం 20 మీటర్లు, కిందున్నది 45. తేడా 25 మీటర్లు, కిందికి. స్థానభ్రంశం మైనస్ 25 ఎందుకో ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇవన్నీ అయ్యాకే సూత్రం దగ్గరికి తిరిగి వచ్చాం. ఒకే లెక్కను రెండుసార్లు చేయమన్నాను, ఒకసారి పైదిశ ప్లస్‌గా, ఒకసారి కిందిదిశ ప్లస్‌గా. మొదటిది −25 = 20టి − 5టి². రెండోది 25 = −20టి + 5టి². రెండూ సర్దితే టి² − 4టి − 5 = 0. మూలాలు 5, మైనస్ 1. ఏ దిశను ప్లస్ అనాలో మన ఇష్టం. ఒకసారి అనుకున్నాక లెక్క పూర్తయ్యేదాకా మార్చకూడదు, మూడు రాశులకూ అదే వర్తించాలి. పాత పెట్టె నియమంలో ఉన్న అసలు లోపం ఇదే. రాయి తిరిగేసరికి అది ప్లస్ దిశను కూడా తిప్పేస్తుంది.

మైనస్ 1ని కొట్టేయబోతుంటే ఆపాను. మైనస్ మూలాన్ని చూడకుండా కొట్టేయడం మనం అందరం నేర్పే అలవాటు. "మైనస్ 1 సెకను దగ్గర వేగం ఎంత?" అని అడిగాను. పట్టికను వెనక్కి ఒక గడి పొడిగించింది. 30, పైకి. ఆ గడిలో రాయి నేలమీద ఉంటుంది. ఎవరైనా ఒక సెకను ముందు నేలమీద నిలబడి 30తో విసిరి ఉంటే, అది సున్నా సెకను దగ్గర భవనం అంచును సరిగ్గా 20తో దాటేది. అక్కడినుంచి రెండు రాళ్ల దారీ ఒకటే. సమీకరణానికి భవనం తెలియదు, చేయి తెలియదు. దానికి తెలిసింది ఆ ఒక్క చలనమే.

పరీక్షించడం

నేర్చుకుందా, లేక మరో కొత్త పెట్టె గీసుకుందా? ఇది తేల్చడానికి మొదటి రోజు తప్పిన బెలూన్ లెక్కను వాడాను. సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి లేస్తున్న బెలూన్ నుంచి, 40 మీటర్ల ఎత్తులో ఉండగా ఒక సంచిని వదిలారు. దీన్ని ఎంచుకోవడానికి కారణం "వదిలారు" అన్న మాట. మొదటి రోజు ఆ మాట చూడగానే తొలి వేగం సున్నా అని రాసింది.

ఈసారి కూడా సున్నా అనే రాసింది. కానీ సమీకరణం మొదలుపెట్టకుండా ఆగింది. "వదలడానికి ముందు సంచి బెలూన్‌తో పాటు పైకి వెళ్తోంది. వదలగానే ఆ 10 ఎక్కడికి పోతుంది? పోదు" అని తనలో తాను అనుకుని, సున్నాను 10 చేసింది. −40 = 10టి − 5టి². జవాబు 4 సెకన్లు. వదిలిన తర్వాత కూడా సంచి 5 మీటర్లు పైకి వెళ్తుందని అడగకుండానే చెప్పింది.

"పైకి వెళ్తోంది కదా, మరి దాని మీద పైకి ఏ బలం ఉంది?"

"ఏమీ లేదు సార్. తాడు వదిలేశాం కదా. ఇప్పుడు దాన్ని పట్టుకున్నది గురుత్వం ఒక్కటే. ముందున్న వేగం ఉంది కాబట్టి వెళ్తోంది."

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది, కానీ జరిగింది అది కాదు. మూడు వారాల తర్వాత పాత బావి లెక్క మళ్లీ ఇచ్చాను. 15 = 20టి − 5టి² అని సరిగ్గా రాసింది. మూలాలు 1, 3 వచ్చాయి. 3ని కొట్టేసి 1 ఉంచింది. గట్టు మీద పడాలంటే 3 సెకన్లు కావాలి. 1 సెకను దగ్గర రాయి గట్టు ఎత్తును దాటి ఇంకా పైకి వెళ్తోంది.

ఎందుకు కొట్టేశావంటే, "రెండింట్లో ఒకటి ఎప్పుడూ పనికిరాదు కదా సార్" అంది. మైనస్ మూలం గురించి అంత శ్రద్ధగా చెప్పిన నేను, రెండు మూలాలూ ప్లస్ అయ్యే లెక్క ఒక్కటీ ఆ వారాల్లో ఇవ్వలేదు. ఆ ఖాళీని ఆమె మనసు తన నియమంతో నింపుకుంది. పట్టిక వేయమన్నాను. 1 సెకను దగ్గర వేగం ప్లస్ 10, 3 దగ్గర మైనస్ 10 అని కనిపించగానే, "రెండూ నిజమే సార్, ఒకటి వెళ్తూ, ఒకటి వస్తూ" అంది. ఆ పూట మరో నాలుగు లెక్కలు చేసింది, ప్రతి మూలం పక్కనా ఆ క్షణంలో రాయి ఎటు వెళ్తోందో ఒక చిన్న బాణం వేసుకుంటూ. ఆ బాణం ఆలోచన ఆమెదే. ఇప్పుడు నేను అందరి చేతా వేయిస్తున్నాను.

నా పద్ధతిలో ఏం మారింది

ఒక విద్యార్థి తప్పు జవాబు రాస్తే, అది ఏ ప్రశ్నకు సరైన జవాబు అవుతుందో ముందు వెతుకుతున్నాను. ప్రతిసారీ దొరకదు. దొరికినప్పుడు మాత్రం ఆ విద్యార్థి మనసులో ఉన్న బొమ్మ మొత్తం చేతికొస్తుంది, పైగా "తప్పు" అన్న మాటతో సంభాషణ మొదలవ్వదు.

లెక్కలు సరిగ్గా వచ్చాయి కదా అని ఆపడం మానేశాను. ఆరింటికి ఐదు సరిగ్గా చేసిన రోజున కూడా ఆమె బొమ్మలో పైకి బాణం ఉంది. బలాల బొమ్మ, శిఖరం దగ్గర త్వరణం, ఈ రెండూ అడగకుండా ఈ అధ్యాయం పూర్తయిందని ఇప్పుడు ఎవరి విషయంలోనూ అనుకోను.

సూత్రం రాసే ముందు ఒక అంచనా రాయిస్తున్నాను. "పైకి ఎంతసేపు వెళ్తుంది?" అన్న ఒక్క ప్రశ్న చాలు. సెకనుకు 20 మీటర్లతో విసిరితే శిఖరానికే 2 సెకన్లు, తిరిగి విసిరిన చోటికి రావడానికి మరో 2, కాబట్టి మొత్తం కాలం 4కు పైనే ఉండాలి. ఈ వాక్యం ముందే రాసి ఉంటే, 1 సెకను అన్న జవాబును ఆమే అనుమానించేది.

పాత నియమాన్ని తరగతిలో చెప్పడం ఆపేశాను. రెండు ముక్కలుగా చేసే పద్ధతి తప్పు కాదు, ముక్కకో దిశను ప్లస్ అనుకుని జాగ్రత్తగా చేస్తే జవాబు వస్తుంది. భవనం లెక్కనూ అలా చేయొచ్చు: ఎక్కడానికి 2, శిఖరం నుంచి 45 మీటర్లు దిగడానికి 3, మొత్తం 5. కానీ మొదట నేర్పాల్సింది అది కాదని నా గట్టి అభిప్రాయం. ముందు ఒకే చలనం, ఒకే త్వరణం, ఒకే గీత మనసులో పడాలి. ఆ తర్వాత కావాలంటే ముక్కలు చేసుకోవచ్చు.

వీడియోను పూర్తిగా వదిలేయలేదు. పట్టిక, గ్రాఫ్ అయ్యాకే చూపిస్తున్నాను. ఆమెకు కూడా చివర్లో అదే క్లిప్ మళ్లీ చూపించాను. ఈసారి శిఖరం దగ్గర ఆపలేదు. సమాన ఫ్రేముల మధ్య బంతి జరిగిన దూరాలను తెరమీద స్కేలుతో కొలిచి, ఎక్కేటప్పుడు ఎంత చొప్పున తగ్గుతున్నాయో దిగేటప్పుడు అంతే చొప్పున పెరుగుతున్నాయని రాసుకుంది.

చివరిసారి కూర్చున్నప్పుడు నోట్‌బుక్‌లో తర్వాతి అధ్యాయం తెరిచి ఉంది. ఏటవాలుగా విసిరిన వస్తువు. శిఖరం దగ్గర వేగం సున్నా కాదని అందులో చదివింది. "అక్కడ ఆగదు కూడా కదా సార్, అడ్డంగా వెళ్తూనే ఉంటుంది. అయినా కిందికి 10 మాత్రం అలాగే ఉండాలి" అంటూ, బొమ్మలో శిఖరం మీద కిందికి ఒకే ఒక్క బాణం గీసి, నా వైపు చూడకుండానే పేజీ తిప్పింది.